బేస్‌మెంట్ డ్రైవాల్: అతుకులు గోడ మీద కనబడుతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న:
న్యూజెర్సీలోని మా ఇంటి బేస్‌మెంట్‌లో ఒక గదికి నేనే డ్రైవాల్ (గోడలకు బిగించే జిప్సం షీట్లు) బిగించాను. వైరింగ్ ఇన్‌స్పెక్షన్ పూర్తయిన తరువాత, 16 అంగుళాల ఎడంలో ఉన్న స్టడ్‌లకు (గోడ లోపలి నిలువు కమ్ములకు) అర అంగుళం మందం షీట్లను అడ్డంగా బిగించి, అతుకుల మీద పేపర్ టేపు అతికించి, రెండు పూతలు మడ్ (అతుకులు కప్పే ముద్ద) పూశాను. పగలు గోడ బాగానే ఉంది కానీ, రాత్రి లైటు పక్కనుంచి పడితే షీట్ల పొట్టి అంచులు కలిసిన చోట ఉబ్బు కనబడుతోంది. మూడు చోట్ల టేపు కింద గాలి బుడగలు కూడా ఉన్నాయి. అమ్మానాన్నలు వచ్చేలోగా ఆ గదిని సిద్ధం చేయాలని నా తాపత్రయం. రంగు వేస్తే ఇవి కప్పబడిపోతాయా?

జవాబు 1:
కప్పబడవండి, రంగుకు మెరుపు ఉంటే మరింత బయటపడతాయి. షీటు పొడవు అంచులు తయారీలోనే కాస్త పల్చగా ఉంటాయి కాబట్టి టేపూ మడ్డూ ఆ పల్లంలో ఇమిడిపోతాయి. పొట్టి అంచులకు ఆ పల్లం లేదు కనుక, ఎంత నేర్పుగా చేసినా అక్కడ కొంత ఎత్తు వస్తుంది. దాన్ని అరగదీయబోతే టేపు చిరుగుతుంది. 12 అంగుళాల నైఫ్‌తో (మడ్ పూసే వెడల్పాటి రేకుతో) అతుకుకు రెండు వైపులా అడుగు చొప్పున మడ్‌ను పల్చగా లాగి, అంచులను గోడలో కలిపేయండి. ఎత్తు పోదు, కానీ అంత వెడల్పున వాలిపోయాక కంటికి ఆనదు. ఒక మందపాటి పూత కన్నా రెండు పల్చటి పూతలు మేలు.

జవాబు 2:
బుడగలకు కారణం టేపు కింద మడ్ చాలకపోవడమే. ఆ ముక్కను బ్లేడుతో కోసి తీసేసి, కింద మడ్ నిండుగా పరిచి, కొత్త టేపును 6 అంగుళాల నైఫ్‌తో ఒత్తండి. బేస్‌మెంట్‌లో తేమ ఎక్కువ కాబట్టి గాలిలోని తేమ లాగే డీహ్యుమిడిఫయర్ నడిపించి, ప్రతి పూతా పూర్తిగా తెల్లబడి ఆరేవరకు ఆగండి. షీటు కింది అంచు నేలకు అర అంగుళం పైన ఉందో లేదో కూడా చూసుకోండి. కాంక్రీటుకు ఆనితే తేమ పీల్చి బూజు పడుతుంది.

జవాబు 3:
ఉప్పుకాగితం 150 గ్రిట్‌ది చాలు. రుద్దేటప్పుడు ఎన్95 మాస్కు తప్పక పెట్టుకోండి, ఇల్లంతా వేడిగాలి పంపే ఫర్నేస్ ఆపేయండి; లేకపోతే ఆ మెత్తటి దుమ్ము ఇల్లంతా చేరుతుంది. మడ్డూ, షీటు పైనున్న కాగితమూ రంగును ఒకే తీరుగా పీల్చుకోవు కాబట్టి, ముందు పీవీఏ ప్రైమర్ (కొత్త డ్రైవాల్‌కు రంగు కన్నా ముందు వేసే పూత) వేసి మళ్లీ పక్కనుంచి లైటు పట్టి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఒక గోడకు షీట్లు నిజంగానే నేలకు ఆని ఉన్నాయి. గోడ అడుగున బిగించే బేస్‌బోర్డు పట్టీ ఇంకా వేయలేదు కనుక, ముందు ఆ అర అంగుళం కోసేసి తరువాత అతుకుల పని చూస్తాను.