డేటాబేస్ సర్వర్‌కు 64 కోర్లు తీసుకోవాలా, వేగమైన 16 కోర్లు చాలా? బ్యాచ్ ఒక్క కోరు మీదే నడుస్తోంది

రాత్రిబ్యాచ్

అందరికీ నమస్కారం. ఈఆర్పీ డేటాబేస్ సర్వర్ మార్చాలి. ఇప్పుడున్నది రెండు జియాన్ గోల్డ్ 6248లు, 20+20 కలిపి 40 కోర్లు. ర్యామ్ 384 జీబీ, డిస్కులన్నీ ఎన్‌వీఎంఈ. విండోస్ సర్వర్ మీద ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 ఎంటర్‌ప్రైజ్. 40 కోర్లకూ లైసెన్సు, సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్ (ఏటా కట్టే అప్‌గ్రేడ్, సపోర్ట్ ఒప్పందం) ఉన్నాయి. డేటాబేస్ 1.1 టీబీ.

పగలు దాదాపు 350 మంది యూజర్లు. సీపీయూ సగటున 22 శాతం, నెలాఖరులో 45 దాకా వెళ్తుంది. ఇబ్బందల్లా రాత్రి నడిచే స్టాక్ వాల్యుయేషన్ బ్యాచ్‌తోనే. 4 గంటల 40 నిమిషాలు పడుతోంది. అప్పుడు మొత్తం సీపీయూ 6 శాతం దాటదు, కానీ ఏదో ఒక కోరు మాత్రం 100 దగ్గరే ఉంటుంది.

వెండర్ ఒకే సాకెట్‌లో ఏఎండీ ఈపిక్ 9554, అంటే 64 కోర్లు, కొటేషన్ ఇచ్చారు. కోర్లు ఎక్కువుంటే అయిదేళ్లు చూసుకోనక్కర్లేదు అంటున్నారు. నేను అదే ఈపిక్‌లో 9174ఎఫ్, 16 కోర్లది, అనుకుంటున్నాను. 40 నుంచి 16కి దిగితే పగటి లోడుకు ఇరుకవుతుందా? దేన్ని చూసి తేల్చుకోవాలి?

---

కోరులెక్క

ముందు లైసెన్సు సంగతి చూడండి. మీ కేసులో అసలు ఖర్చు చిప్పుది కాదు, లైసెన్సుది.

ఎంటర్‌ప్రైజ్ లైసెన్సు రెండేసి కోర్ల ప్యాకులుగా అమ్ముతారు. 2022 వెర్షన్ లిస్ట్ ధర ప్యాకుకు 15,123 డాలర్లు. 64 కోర్లకు 32 ప్యాకులు కావాలి, మీ దగ్గర 20 ఉన్నాయి. మిగతా 12 ప్యాకులకు 1,81,476 డాలర్లు, డిస్కౌంటుకు ముందు. దాని మీద ఏటా సాఫ్ట్‌వేర్ అష్యూరెన్స్, లైసెన్సు ధరలో పాతిక శాతం దాకా. సర్వర్ హార్డ్‌వేర్ అంతా కలిపినా దీని పక్కన చిన్న మొత్తమే. వెండర్ కొటేషన్‌లో ఈ లైను ఉందా? లేకపోతే అడిగి రాయించుకోండి.

16 కోర్లకు వెళ్తే 24 కోర్ల లైసెన్సులు మిగులుతాయి. వాటిని రిపోర్టింగ్ సర్వర్‌కు వాడొచ్చు, లేదా వచ్చే రెన్యూవల్‌లో వాటి అష్యూరెన్స్ కట్టడం మానేయొచ్చు. విండోస్ సర్వర్‌కు కూడా కనీసం 16 కోర్ల లైసెన్సు తీసుకోవాల్సిందే కాబట్టి 16 కోర్ల చిప్పు దానికి అచ్చంగా సరిపోతుంది. 24 కోర్లదైతే ఇంకో 8 కోర్లకు కట్టాలి.

ఒక జాగ్రత్త: 64 కోర్లది కొని బయాస్‌లో 48 ఆపేస్తే లైసెన్సు తగ్గుతుందనే ఆలోచన పెట్టుకోవద్దు. ఆడిట్‌లో వాదించుకునే పరిస్థితి ఎందుకు? ఎన్ని కోర్లు కావాలో అన్ని కోర్ల చిప్పే కొనండి.

ఇంకోటి. ఎంటర్‌ప్రైజ్ నిజంగా కావాలా అని ఒకసారి చూసుకోండి. పార్టిషనింగ్, కంప్రెషన్ లాంటివి 2016 ఎస్‌పీ1 నుంచే స్టాండర్డ్‌లోకి వచ్చేశాయి. 2022 దాకా స్టాండర్డ్ పరిమితి 24 కోర్లు, బఫర్ పూల్ (డేటా పేజీలను ఉంచుకునే ర్యామ్) 128 జీబీ. 2025 వెర్షన్‌లో అవి 32 కోర్లు, 256 జీబీ అయ్యాయి. స్టాండర్డ్ ప్యాకు 2022 లిస్ట్ ధర 3,945 డాలర్లే. అయితే ఆన్‌లైన్ ఇండెక్స్ రీబిల్డ్ ఎంటర్‌ప్రైజ్‌లోనే ఉంటుంది. ఎడిషన్ ఫీచర్లు చూపించే డీఎంవీలో (సర్వర్ లోపలి స్థితి చూపే సిస్టమ్ వ్యూ) అది కనబడదు, మెయింటెనెన్స్ జాబుల స్క్రిప్టులు తెరిచి వెతుక్కోవాలి.

---

వెయిట్‌స్టాట్స్

లైసెన్సు లెక్క పైన చెప్పినట్టే. కానీ వేగం విషయంలో ఆశ ఎక్కువ పెట్టుకోకండి.

9554 బూస్ట్ (కోరుకు అందే గరిష్ఠ క్లాకు) 3.75 గిగాహెర్ట్జ్, 9174ఎఫ్‌ది 4.4. రెండూ జెన్ 4 కోర్లే కాబట్టి ఒక్క థ్రెడ్ పనిలో తేడా క్లాకులోనే: 4.4ని 3.75తో భాగిస్తే 1.17. అంటే 9554 మీద 4 గంటలు పట్టే పని 9174ఎఫ్ మీద బాగా కలిసొస్తే 3 గంటల 25 నిమిషాలు. అదీ పనంతా సీపీయూదే అయితేనే. కోర్లన్నీ ఒకేసారి కష్టపడేటప్పుడు ఎక్కువ తేడా తెలుస్తుంది, ఎందుకంటే బేస్ క్లాకులు 3.1, 4.1.

పని ఎంత భాగం సమాంతరంగా నడుస్తుందో దాన్నిబట్టి ఆమ్‌డాల్ సూత్రంతో లెక్కేయండి. 70 శాతం సమాంతరమైతే 16 కోర్లకు 2.9 రెట్లు, 64 కోర్లకు 3.2 రెట్లు. 48 కోర్లు అదనంగా పెట్టినా దక్కేది 10 శాతమే, క్లాకు ఒక్కటే దాన్ని దాటేస్తుంది. అదే 95 శాతమైతే 9.1, 15.4 రెట్లు. అప్పుడు 64 కోర్లదే గెలుపు. మీ బ్యాచ్ ఒక్క కోరు మీదే ఉంటోంది కాబట్టి మీరు మొదటి వైపే, ఇంకా చివర్లో ఉన్నారు.

కొనేముందు పాత సర్వర్ మీదే మూడు చూడండి.

ఒకటి, క్వెరీ స్టాట్స్ డీఎంవీలో బ్యాచ్ స్టేట్‌మెంట్ల వర్కర్ టైమ్ (సీపీయూ మీద గడిపిన సమయం), ఎలాప్స్‌డ్ టైమ్ (మొత్తం పట్టిన సమయం). రెండూ దాదాపు సమానంగా ఉంటే సీరియల్‌గా (ఒకే థ్రెడ్‌లో) సీపీయూలోనే నడుస్తోందని అర్థం, వేగమైన కోరు పనికొస్తుంది. వర్కర్ టైమ్ సగమే ఉంటే మిగతా సగం ఎక్కడో ఎదురుచూపు. ఆ సెషన్ వెయిట్లలో రైట్‌లాగ్ ఎక్కువుంటే లాగ్ డిస్కు, పేజ్ఐఓల్యాచ్ ఉంటే ర్యామ్ లేదా డేటా డిస్కు, ఎల్‌సీకేతో మొదలయ్యేవి ఉంటే లాకులు. వీటిలో ఏదీ ప్రాసెసర్ మారిస్తే పోదు.

రెండు, విండోస్ పెర్ఫార్మెన్స్ మానిటర్ (పెర్ఫ్‌మాన్)లో ప్రాసెసర్ ఇన్ఫర్మేషన్ కింద ప్రాసెసర్ పెర్ఫార్మెన్స్ శాతం కౌంటర్, ఒక్కో కోరుకు విడిగా. అక్కడ 100 అంటే బేస్ క్లాకు. మీ 6248కి బేస్ 2.5, టర్బో 3.9. బ్యాచ్ నడిచే కోరు 140-155 మధ్య ఉండాలి. 100 చుట్టూ తిరుగుతుంటే టర్బో అందడం లేదు. విండోస్ సర్వర్ పవర్ ప్లాన్ డిఫాల్టుగా బ్యాలన్స్‌డ్‌లో ఉంటుంది, దాన్ని హై పెర్ఫార్మెన్స్‌కు మార్చండి. బయాస్ సిస్టమ్ ప్రొఫైల్ కూడా పొదుపు మీద ఉంటే పెర్ఫార్మెన్స్‌కు మార్చాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

మూడు, బ్యాచ్ ఎందుకు సీరియల్‌గా ఉందో చూడండి. ఎగ్జిక్యూషన్ ప్లాన్ ఎక్స్‌ఎంఎల్‌లో నాన్‌ప్యారలల్ ప్లాన్ రీజన్ అనే గుణం ఉంటుంది, కారణం అక్కడే రాసి ఉంటుంది. ఎక్కువసార్లు దొరికేది స్కేలర్ ఫంక్షన్ (ఒక్కో పిలుపుకు ఒకే విలువ తిరిగిచ్చేది). 2019లో స్కేలర్ ఫంక్షన్లను క్వెరీలోనే కలిపేసే వసతి వచ్చింది గానీ డేటాబేస్ కంపాటిబిలిటీ లెవెల్ (ఏ వెర్షన్ తీరులో నడవాలో చెప్పే సెట్టింగ్) 150లో ఉండాలి. పాత వెర్షన్ నుంచి రిస్టోర్ చేసిన డేటాబేస్ పాత లెవెల్‌లోనే ఉండిపోతుంది.

---

రాత్రిబ్యాచ్

రెండు రాత్రులు కొలిచాను.

వర్కర్ టైమ్ ఎలాప్స్‌డ్‌లో 88 శాతం. మిగతాది ఎక్కువగా రైట్‌లాగ్. పెర్ఫార్మెన్స్ కౌంటర్ బ్యాచ్ కోరు మీద 100 నుంచి 104 మధ్యే. పవర్ ప్లాన్ బ్యాలన్స్‌డ్‌లో ఉంది, బయాస్ ప్రొఫైల్ కూడా పొదుపుదే. రెండూ మార్చాక కౌంటర్ 140 దగ్గర నిలబడింది, బ్యాచ్ 3 గంటల 40 నిమిషాలకు దిగింది. ఒక గంట ఉత్తపుణ్యానికి మిగిలింది, చాలా థ్యాంక్స్ అండి.

కంపాటిబిలిటీ లెవెల్ 130. సీరియల్‌కు కారణం స్కేలర్ ఫంక్షనే, రేటు లెక్కగట్టేది, ప్రతి వరసకూ పిలుస్తున్నారు. 150కి మార్చాలంటే ఈఆర్పీ వాళ్ల అనుమతి కావాలి, అది ఆలస్యమవుతుంది. సర్వర్ ఎలాగూ వారంటీ అయిపోతోంది కాబట్టి కొనక తప్పదు. 16 కోర్లదా, 24దా తేల్చుకోవాలి.

---

ర్యాక్‌వైపు

24 తీసుకోండి, 9274ఎఫ్. లెక్క చూపిస్తాను.

నెలాఖరు 45 శాతం అంటే 40లో 18 కోర్ల పని. అన్ని కోర్లూ పనిచేసేటప్పుడు 6248 మహా అయితే 3.2 దాకా వెళ్తుంది. 18ని 3.2తో గుణిస్తే 57.6. 9174ఎఫ్ బేస్‌లో 16ని 4.1తో గుణిస్తే 65.6. అంటే 88 శాతం నిండినట్టే. 9274ఎఫ్‌లో 24ని 4.05తో గుణిస్తే 97.2, 59 శాతం. జెన్ 4 కోరు ఒక్కో క్లాకుకు చేసే పని మీ 6248 తరం క్యాస్కేడ్ లేక్ కన్నా ఎక్కువ, నిజమే, కానీ దాన్ని భవిష్యత్తు లోడుకు వదిలేయండి. పైగా హైపర్‌థ్రెడింగ్ ఉన్న మెషీన్లో 45 శాతం అని చూపిస్తే నిజంగా వాడుతున్నది అంతకన్నా ఎక్కువే. రెండో థ్రెడ్‌ను పూర్తి కోరుగా లెక్కేస్తుంది కాబట్టి మిగిలిన సగం సగం కాదు. మీ 45 శాతం పాత పవర్ ప్లాన్‌లో కొలిచిందే, ఈ నెలాఖరుకు మళ్లీ చూస్తే తగ్గి కనబడాలి. అయినా 16కి దిగడం నాకు ఇరుకే అనిపిస్తుంది.

బూస్ట్‌లో 9274ఎఫ్‌ది 4.3, కాబట్టి బ్యాచ్‌కు పోయేది 2 శాతం చిల్లరే. ఎల్3 క్యాష్ రెంటికీ 256 ఎంబీ, పవర్ రెంటికీ 320 వాట్లు.

ఇంటెల్ అయితే జియాన్ గోల్డ్ 6444వై ఉంది, 16 కోర్లు, 3.6 బేస్, 4.0 టర్బో, ఎల్3 45 ఎంబీ. ఓఎల్‌టీపీ (చిన్నచిన్న లావాదేవీల) డేటాబేస్‌కు క్యాష్ బాగా అక్కరకొస్తుంది కాబట్టి ఇక్కడ ఈపిక్ ఎఫ్ చిప్పులవైపే మొగ్గుతాను. బడ్జెట్ ఉంటే జెన్ 5 చిప్పు 9275ఎఫ్ కూడా చూడండి, 24 కోర్లు, బూస్ట్ 4.8. సాకెట్ అదే ఎస్‌పీ5, కానీ ఆ బోర్డు సపోర్ట్ జాబితాలో ఉందో లేదో, ఏ బయాస్ వెర్షన్ కావాలో ఆర్డరుకు ముందే రాయించుకోండి.

తప్పులు జరిగేది ఎక్కువగా కింది వాటిలో.

మెమరీ. ఎస్‌పీ5లో 12 చానళ్లు. 96 జీబీ స్టిక్కులు నాలుగు పెట్టినా 384 జీబీయే, 32 జీబీవి 12 పెట్టినా 384 జీబీయే. డీడీఆర్5-4800తో 12 చానళ్లకు సైద్ధాంతిక బ్యాండ్‌విడ్త్ 460.8 జీబీ/సె, నాలుగింటికి 153.6. కొటేషన్‌లో "384 జీబీ" అని మాత్రమే ఉంటే ఏది వస్తుందో చెప్పలేం. "32 జీబీ, 12 స్టిక్కులు, చానలుకొకటి" అని ఉండాలి.

కూలింగ్. 320 వాట్ల చిప్పుకు మామూలు హీట్‌సింక్ చాలదు. తయారీదారులు హై పెర్ఫార్మెన్స్ హీట్‌సింక్, ఫ్యాన్లు విడి పార్ట్ నంబర్లతో ఇస్తారు, కొన్ని 1యూ (ర్యాక్‌లో ఒక అర ఎత్తున్న) మోడళ్లలో ఈ చిప్పుకు లోపలికొచ్చే గాలి ఉష్ణోగ్రత పరిమితి కూడా తక్కువ పెడతారు. 2యూ తీసుకోండి. ర్యాక్ ముందువైపు, సర్వర్ గాలి పీల్చే చోట థర్మామీటర్ పెట్టి చూడండి. ఏసీ రిమోట్ మీద 22 ఉన్నంత మాత్రాన అక్కడ 22 ఉండదు. ఖాళీ యూ స్లాట్లకు బ్లాంకింగ్ ప్యానెళ్లు లేకపోతే వెనక వేడిగాలి ముందుకు తిరిగొస్తుంది. వేడెక్కితే క్లాకు పడిపోతుంది, మీరు డబ్బు పెట్టిందే ఆ క్లాకు కోసం.

బయాస్. డిటర్మినిజం పవర్‌లో, సీటీడీపీ (చిప్పు పవర్ పరిమితి) ఆ చిప్పు ఒప్పుకునే గరిష్ఠంలో. ఎన్‌పీఎస్1 (సాకెట్ అంతా ఒకే మెమరీ నోడు) చాలు, ఎస్‌క్యూఎల్ సర్వర్ నోడుకు 8 భౌతిక కోర్లు దాటితే తనే సాఫ్ట్‌న్యూమా చేసుకుంటుంది (కోర్లను చిన్న గుంపులుగా విడగొట్టుకుంటుంది). మ్యాక్స్‌డాప్ (ఒక క్వెరీ సమాంతరంగా వాడగల కోర్ల హద్దు) 8తో మొదలుపెట్టండి. సీ-స్టేట్లు మొత్తంగా ఆపేయకండి, ఖాళీ కోర్లు నిద్రపోతేనే పనిచేసే కోరుకు పవర్ దొరుకుతుంది.

---

వెయిట్‌స్టాట్స్

24తో ఏకీభవిస్తాను. 88 శాతం సీపీయూ అంటే 220 నిమిషాల్లో దాదాపు 25 నిమిషాలు రైట్‌లాగ్ లాంటివే, అవి కొత్త చిప్పులోనూ అలాగే ఉంటాయి. బ్యాచ్ ఒక్కో వరసకు కమిట్ చేస్తుంటే 1000 వరసలకొకసారి చేయమని ఈఆర్పీ వాళ్లను అడగండి. కంపాటిబిలిటీ 150 విజ్ఞప్తి కూడా అదే టికెట్‌లో పెట్టండి, ప్లాన్‌లో దొరికిన కారణం అతికించి మరీ. ఆ ఫంక్షన్ ఇన్‌లైన్ అవుతుందో లేదో ఎస్‌క్యూఎల్ మాడ్యూల్స్ వ్యూలో ఇన్‌లైనబుల్ కాలమ్ చెబుతుంది, 1 ఉంటే కావడానికి వీలుంది. లోపల గెట్‌డేట్ లాంటిది పిలిస్తే 0 వస్తుంది. అప్పుడు ఆ తేదీని పరామితిగా పంపేలా ఫంక్షన్ మార్చాలి.

---

రాత్రిబ్యాచ్

కాలమ్ చూశాను, 0. లోపల గెట్‌డేట్ ఉంది. టికెట్‌లో రెండూ రాశాను.

వెండర్‌ను 9274ఎఫ్, 2యూ, 32 జీబీ స్టిక్కులు 12, హై పెర్ఫార్మెన్స్ హీట్‌సింక్ పార్ట్ నంబరుతో సహా కొటేషన్ మళ్లీ ఇమ్మన్నాను. మిగిలే 16 కోర్ల లైసెన్సులు రిపోర్టింగ్ సర్వర్‌కు. డీఆర్‌కు (ప్రధాన సర్వర్ పోతే వాడే స్టాండ్‌బై సర్వర్) లైసెన్సు విడిగా కొనాలా?

---

కోరులెక్క

అష్యూరెన్స్ ఉంది కాబట్టి డీఆర్ కాపీ నిష్క్రియంగా ఉన్నంతవరకు విడి లైసెన్సు అక్కర్లేదు. దాని మీద రిపోర్టులు నడిపితే మాత్రం కావాలి. డీఆర్ సర్వర్ కోర్ల సంఖ్య 24 దాటకుండా చూసుకోండి, ఎక్కువుంటే ఆ ఉచిత హక్కు పూర్తిగా వర్తించదు.

పీవోలో (కొనుగోలు ఆర్డరు) అంగీకార పరీక్ష కూడా రాయించండి: మీ బ్యాకప్ రిస్టోర్ చేసి బ్యాచ్ రెండుసార్లు నడపాలి. బ్యాచ్ కోరు మీద ప్రాసెసర్ పెర్ఫార్మెన్స్ కౌంటర్ 100 దాటి ఉండాలి. బేస్ 4.05, బూస్ట్ 4.3 కాబట్టి 106 దగ్గర రావాలి. పరీక్ష పొడవునా 100కు దిగకూడదు. దిగితే ముందు హీట్‌సింక్, తర్వాత బయాస్ చూడమనండి.