ఉద్యోగం మానేసి ఏడాది తిరగాలని ఉంది, అలా వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రాత్రిషిఫ్ట్_గచ్చిబౌలి

అందరికీ నమస్తే. వయసు 33, పెళ్లి కాలేదు, సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లు కావస్తోంది, ఇప్పుడున్న కంపెనీలో నాలుగున్నరేళ్లు. అమెరికా బ్యాంకుల పేమెంట్ల సపోర్ట్ చూస్తాను, అంటే అక్కడ పేమెంటు ఆగితే ఇక్కడ నా ఫోన్ మోగుతుంది. నెలకి ఒక్క వారమే ఆన్‌కాల్ అని చేరేటప్పుడు చెప్పారు. టీమ్‌లోంచి ఇద్దరు వెళ్లిపోయారు, వాళ్ల చోట ఎవర్నీ తీసుకోలేదు, ఇప్పుడు అన్ని వారాలూ ఆన్‌కాలే. స్నానానికి వెళ్తే ఫోన్ బాత్రూమ్ కిటికీలో పెట్టుకుంటున్నా. ఆ మధ్య మా చెల్లి సీమంతంలో అందరూ దానికి గాజులు తొడుగుతుంటే కాల్ వచ్చింది, పక్కగదిలో లాప్‌టాప్ తెరిచి కూర్చున్నా, బయటికొచ్చేసరికి భోజనాలు కూడా అయిపోయాయి. బీపీ వచ్చింది, మాత్ర వేసుకుంటున్నా. నిద్ర పడితే రెండు మూడు గంటలు.

పేపర్ వేసేసి ఏడాది పాటు తిరగాలనుకుంటున్నా. ముందు అరుణాచలం, తర్వాత రిషికేశ్, కుదిరితే నర్మదా పరిక్రమలో కొంత భాగం, అక్కణ్ణుంచి థాయిలాండ్‌లో బౌద్ధ ఆశ్రమాలు, చివర్లో స్పెయిన్‌లో కమీనో అనే తీర్థయాత్ర నడక. చేతిలో పన్నెండు లక్షల దాకా ఉంది, అప్పుల్లేవు. నాన్న రిటైర్డ్ టీచర్, తణుకులో ఉంటారు, పెన్షన్ వస్తుంది. లక్షణమైన ఉద్యోగం వదిలేసి సన్నాసుల్లో కలుస్తావా అంటున్నారు, అమ్మ ఇక పెళ్లే కాదని ఏడుస్తోంది. నిజంగా వెళ్లినవాళ్లు చెప్పండి, మనశ్శాంతి దొరికిందా? తిరిగొచ్చాక కూడా నిలిచిందా?

లెక్కల_మాస్టారి_కోడలు

తమ్ముడూ, వెళ్లాలా వద్దా అన్నది నీ ఇష్టం, అందులోకి నేను రాను. నేను హెచ్ఆర్‌లో చేస్తాను, రాజీనామా మెయిల్ కొట్టేముందు ఎవరూ ఆలోచించని సంగతులు మాత్రం చెప్తా. నీకు నాలుగున్నరేళ్లు అంటున్నావు, అయిదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది, తొంభై రోజుల నోటీసు పీరియడ్ ఉంటే అది కూడా సర్వీసులోకే వస్తుంది కాబట్టి తేదీ చూసుకుని పేపర్ వెయ్యి. అంతకంటే ముఖ్యమైనది ఇన్సూరెన్స్. కంపెనీ ఇచ్చే గ్రూప్ పాలసీ మామూలుగా ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది. నీకు బీపీ ఉంది, కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే దాన్ని ముందునుంచీ ఉన్న జబ్బు కింద రాసి వెయిటింగ్ పీరియడ్ పెడతారు, 2024లో మారిన రూల్ ప్రకారం అది మూడేళ్ల దాకా ఉండొచ్చు. అందుకే జీతం వస్తున్నప్పుడే పాలసీ తీసుకో, బీపీ సంగతి దాచకు, దాస్తే రేపు క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది. గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంటుంది, అదీ అడుగు.

ఇంకొకటి, సబాటికల్ పాలసీ ఉందేమో హెచ్ఆర్ హ్యాండ్‌బుక్ తీసి చూడు. చాలా కంపెనీల్లో రాసి ఉంటుంది కానీ ఎవరూ పిలిచి చెప్పరు. జీతం లేకుండా రెండు మూడు నెలల సెలవు ఇచ్చినా పోయేదేముంది, మీ టీమ్‌లో ఇప్పటికే ఇద్దరు తగ్గారు, నిన్ను పూర్తిగా పోగొట్టుకోవడం వాళ్లకీ కష్టమే. ఆ మాట మీ మేనేజర్‌తో మొహమాటం లేకుండా అను.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో_మనోడు

కమీనో గురించి అడిగారు కాబట్టి రాస్తున్నా. నేను ఫ్రెంచ్ రూట్ పూర్తిగా నడిచాను, ఫ్రాన్స్ సరిహద్దులోని సెయింట్ జాన్ పీడ్ డి పోర్ నుంచి సాంటియాగో దాకా దాదాపు 780 కిలోమీటర్లు. జనం మామూలుగా అయిదు వారాల దాకా తీసుకుంటారు. సర్టిఫికెట్ మాత్రమే కావాలంటే ఆఖరి 100 కిలోమీటర్లు నడిస్తే చాలు, చాలామంది సారియా అనే ఊరి నుంచి మొదలుపెడతారు.

మనశ్శాంతి సంగతి. మొదటివారం ఆ మాటే గుర్తురాదు, పాదాల గురించే ఆలోచన. రాత్రి డార్మెటరీలో అందరూ మంచాల మీద కూర్చుని మడమల మీద బొబ్బలకి మందు రాసుకుంటూ ఉంటారు, కొరియా ఆయన సూది దారం ఇస్తాడు, ఇటలీ ఆవిడ పట్టీ ఇస్తుంది, పదింటికి లైట్లు ఆర్పేస్తారు. పొద్దున చీకట్లోనే లేచి మళ్లీ నడక. బుర్గోస్ దాటాక లియోన్ దాకా మెసెటా అనే పీఠభూమి వస్తుంది, ఎటు చూసినా గోధుమ చేలు, చెట్టు నీడ దొరకడం కష్టం, చూడ్డానికి ఏమీ లేదని కొందరు ఆ ముక్కంతా బస్సెక్కి దాటేస్తారు. నాకు మాత్రం ఏమైనా జరిగిందంటే అక్కడే జరిగింది. రోజంతా చేయాల్సిన పని ఒక్కటే, తర్వాతి ఊరు చేరడం, అది సాయంత్రానికి అయిపోతుంది. ఆఫీసులో నా పని ఏ సాయంత్రానికీ అయిపోయింది లేదు, నన్ను తినేస్తున్నది పని ఎక్కువవడం కాదు, ఎప్పటికీ తెగకపోవడం అని అక్కడ నడుస్తుంటే తెలిసింది. తిరిగొచ్చాక జీతం కొంచెం తగ్గినా, ప్రాజెక్టుకి మొదలూ చివరా ఉండే టీమ్‌లోకి మారాను. ఇప్పటికీ అదే టీమ్.

మీకు ముఖ్యంగా చెప్పాల్సింది వీసా గురించి. స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసాకి జీతం స్లిప్పులు, కంపెనీ ఇచ్చిన సెలవు లెటర్ అడుగుతారు, మీరు తిరిగి వెళ్తారన్న నమ్మకం వాళ్లకి కలగాలి. ఉద్యోగం మానేశాక అప్లై చేస్తే ఆ కాగితాలు ఉండవు. వచ్చినా 180 రోజుల్లో 90 రోజులకి మించి ఉండనివ్వరు. కాబట్టి స్పెయిన్ చివర్లో కాదు, ఉద్యోగం ఉన్నప్పుడే సెలవు పెట్టి వెళ్లండి.

విశాఖ_వైద్యం

పైన రాసినవన్నీ పనికొచ్చేవే, కానీ నాకు ఆ పోస్టులో అన్నిటికంటే పెద్దగా కనిపించింది నిద్ర రెండు మూడు గంటలు అన్న వాక్యం. ఇది ఎన్నాళ్లుగా? సెలవురోజున ఫోన్ మోగకపోయినా నిద్ర రావట్లేదా? చెల్లి సీమంతం లాంటి సంతోషంలో కూడా ఏమీ అనిపించకపోవడం ఉందా? ఇవి ఉంటే ముందు సైకియాట్రిస్టుని కలవండి, టికెట్లు తర్వాత. బర్న్‌అవుట్‌ని, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలిసిపోవడాన్ని, ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల వర్గీకరణ ఐసీడీ 11లో పనికి సంబంధించిన పరిస్థితి అని రాసింది, జబ్బుల లెక్కలో వేయలేదు. అంటే పని మారితే, తగ్గితే అది తగ్గే అవకాశం ఉంది. డిప్రెషన్ అలా కాదు, మీరు రిషికేశ్ వెళ్లినా మీతోపాటు రైలెక్కుతుంది. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, తేడా చూసి చెప్పాల్సింది డాక్టరే. ఆ లక్షణాలుండగా పది రోజులు మాట లేకుండా కూర్చునే ధ్యానాలకి నేరుగా వెళ్లకండి, విపశ్యన వాళ్లు కూడా అప్లికేషన్‌లో మానసిక సమస్యలు, వాడే మందులు అడుగుతారు, అది ఊరికే పెట్టింది కాదు.

ఇవాళే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. రాత్రి కూడా పనిచేస్తుంది, మీ షిఫ్టుకి అదే కదా కావాల్సింది.

నెల్లూరు_అక్క

బాబూ, మా వారు రిటైరయ్యాక ఏడాదిలో సగం తిరువణ్ణామలైలోనే, అదే నువ్వన్న అరుణాచలంలోనే ఉంటున్నాం. నీలాంటి పిల్లలు ఈమధ్య చాలామంది కనిపిస్తున్నారు, హైదరాబాద్ వాళ్లూ బెంగళూరు వాళ్లూ. రమణాశ్రమంలో గది కావాలంటే చాలా ముందే రాయాలి, ఇచ్చినా కొద్దిరోజులకే ఇస్తారు, డబ్బు అడగరు, మనకి తోచింది ఇవ్వొచ్చు. నెలలు ఉండేవాళ్లు చెంగం రోడ్డు చుట్టుపక్కల ఇళ్లు అద్దెకి తీసుకుంటారు. పౌర్ణమికి రావద్దు, లక్షల్లో జనం, మన ఆర్టీసీ స్పెషల్ బస్సులే వరసకట్టి నిలబడి ఉంటాయి. గిరిప్రదక్షిణకి మామూలు రోజు తెల్లవారుజామున మూడింటికి బయల్దేరు, 14 కిలోమీటర్లు చెప్పులు లేకుండా, ఎండెక్కితే తారురోడ్డు కాలిపోతుంది. ఆశ్రమం పాత హాల్లో భగవాన్ రమణ మహర్షి కూర్చున్న సోఫా ఇప్పటికీ ఉంటుంది, ఎదురుగా కింద చాప మీద ఎంతసేపైనా కూర్చోవచ్చు, నిన్ను ఎవరూ ఏమీ అడగరు. అలా ఎవరూ ఏమీ అడగని గంట ఒకటి దొరకడమే నీకు ఇప్పుడు కావాలేమో.

మొదటి కొద్దిరోజులు ప్రాణం లేచొస్తుంది. తర్వాత ఇక్కడ కూడా పొద్దు గడవని మధ్యాహ్నాలు వస్తాయి. ఉద్యోగం మానేసి వచ్చిన పిల్లలు ఆ మధ్యాహ్నాల్లోనే కంగారుపడిపోతారు, టీకొట్టు దగ్గర ఫోన్ తీసి ఉద్యోగాలు వెతుక్కుంటూ కనిపిస్తారు, వాళ్లని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. సెలవు మీద వచ్చినవాళ్లకి ఆ కంగారు ఉండదు. సంసారం, ఉద్యోగం వదిలేసి వస్తామని అడిగినవాళ్లకి భగవాన్ కూడా చోటు మారితే ఏం లాభం, మనసు నీ వెంటే వస్తుంది కదా అనే చెప్పేవారు.

రాత్రిషిఫ్ట్_గచ్చిబౌలి

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అక్కా, ఒక్కటి అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. రమణులు తాను 16 ఏళ్లకే ఇంట్లో చెప్పకుండా వచ్చేశారు కదా? ఆయన వెళ్లొచ్చు, మనం మాత్రం ఉద్యోగం చేసుకుంటూ ఇంట్లోనే వెతుక్కోవాలా?

నెల్లూరు_అక్క

తప్పేముంది, మంచి ప్రశ్న. ఆయన 1896 సెప్టెంబర్ 1న ఇక్కడికి వచ్చారు, 1950 ఏప్రిల్‌లో పోయేదాకా మళ్లీ ఈ ఊరు దాటలేదు. యాభై మూడేళ్ల పైన. ఆయన తిరగడానికి రాలేదు, ఒక్కచోటికి వచ్చి ఆగిపోయారు. వాళ్ల అమ్మ వచ్చి ఇంటికి రమ్మని ఏడ్చినా వెళ్లలేదు, కానీ తర్వాత ఆవిడే వచ్చి కొడుకు దగ్గర ఉండిపోయింది, ఆవిడ సమాధి మీదే ఇక్కడి మాతృభూతేశ్వరాలయం. ఆయన వచ్చింది ఏదో వెతుక్కోవడానికి కూడా కాదు, ఆయనకి కలగాల్సిన అనుభవం మదురైలో ఇంట్లో, మేడమీద గదిలోనే కలిగింది.

నీకు దగ్గరగా ఉన్నది మన కావ్యకంఠ గణపతి ముని కథ. బొబ్బిలి దగ్గర కలువరాయి ఆయనది, పెళ్లాం పిల్లలున్న గృహస్థు, మహా పండితుడు. కాశీ మొదలుకొని ఎన్నో క్షేత్రాల్లో తపస్సు చేశారు, వేలూరులో పంతులు ఉద్యోగం కూడా వదిలేసి వచ్చారు. అంతా అయ్యాక 1907 నవంబర్‌లో ఇక్కడి కొండమీద విరూపాక్ష గుహకి ఎక్కి, అప్పటికి కుర్రవాడైన రమణుల కాళ్లు పట్టుకుని, చదవాల్సినవన్నీ చదివాను, జపాలు చేశాను, తపస్సంటే ఏమిటో ఇప్పటికీ తెలియలేదు చెప్పమన్నారు. నేను అనే తలపు ఎక్కణ్ణుంచి పుడుతోందో చూడు, మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు అన్నారు రమణులు. దానికి ఏ ఊరూ పోనక్కర్లేదు. అయినా ఆ మాట వినడానికి కావ్యకంఠులు కొండ ఎక్కాల్సి వచ్చింది. అందుకే నిన్ను రావద్దనను. రా. రాజీనామా చేసి మాత్రం రాకు, సెలవు పెట్టి రా.

కొత్తగూడెం_నుంచి

అందరూ జాగ్రత్తలే చెప్తున్నారు, నేను ఒక్కమాట వేరేగా అంటా. సెలవు అడిగితే ఇవ్వకపోతే? ఇచ్చినా లాప్‌టాప్ తీసుకెళ్లమంటే? అప్పుడు మానేయ్ తమ్మీ. అప్పుల్లేవు, మీ నాన్నకి పెన్షన్ ఉంది, పదేళ్ల అనుభవం ఉంది, పన్నెండు లక్షలుంటే మన దేశంలో ఏడాది కాదు, ఇంకా ఎక్కువే గడుస్తుంది. నా క్లాస్‌మేట్ ఒకడు ప్రమోషన్ వచ్చాక వెళ్దాం, అప్పు తీరాక వెళ్దాం అనుకుంటూ ఉండగానే గుండెపోటొచ్చి పోయిండు, నలభై కూడా నిండలే. స్పెయిన్ లేకపోయినా ఏం కాదు. భద్రాచలంలో గోదారి ఒడ్డున పొద్దున్నే కూర్చో, పాపికొండలు చూసి రా. బీపీ మాత్ర వేసుకుంటూ సీమంతం రోజు పక్కగదిలో కూర్చోబెట్టే ఉద్యోగం కోసం ఇంత ఆలోచన అక్కర్లేదు.

రాత్రిషిఫ్ట్_గచ్చిబౌలి

కొత్తగూడెం అన్నా, మీ మాట నాకు బాగా తగిలింది. విశాఖ డాక్టర్ గారూ, మీరడిగినవాటిలో రెండింటికి అవుననే జవాబు. శనివారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. మా హ్యాండ్‌బుక్‌లో నిజంగానే సబాటికల్ ఉంది, మూడు నెలల దాకా, మేనేజర్ ఒప్పుకోవాలి. సోమవారం అడుగుతున్నా, లాప్‌టాప్ ఇచ్చేసి వెళ్తానన్న షరతుతో. కాదంటే అప్పుడు పేపర్, కానీ గ్రాట్యుటీ తేదీ లెక్క చూసుకునే వేస్తా. ఈలోగా ఇన్సూరెన్స్ ఫారం నింపుతున్నా.

డాక్టర్ సరేనంటే ముందు విపశ్యన చేద్దామనుకుంటున్నా. దూరం వెళ్లకుండా ఇక్కడే ఉందా? ఫోన్ తీసేసుకుంటారంట, ఇంట్లో నాన్నకేమైనా అయితే ఎలా?

విశాఖ_వైద్యం

నాగార్జునసాగర్ రోడ్డులో, వనస్థలిపురం దాటాక ధమ్మ ఖేత్త అనే విపశ్యన కేంద్రం ఉంది. అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే, సీట్లు త్వరగా నిండుతాయి. పేరు పది రోజుల కోర్సే కానీ ముందురోజు మధ్యాహ్నం చేరాలి, పదకొండో రోజు పొద్దున వదులుతారు, సెలవు ఆ లెక్కన పెట్టండి. ఫీజు లేదు. పొద్దున నాలుగింటికి గంట కొడతారు, సాయంత్రం టీ, పళ్లు, రాత్రి భోజనం ఉండదు. బీపీ మాత్రలు తీసుకెళ్లండి, ఫారంలో రాయండి. సెంటర్ ఆఫీసు నంబరు మీ అమ్మగారికి ఇచ్చి వెళ్లండి, నిజంగా అవసరమైతే వాళ్లే వచ్చి మీకు చెప్తారు. శనివారం డాక్టర్ ఏమన్నారో వీలుంటే ఇక్కడ రాయండి.