పాలకొల్లులో పాత డాబానా, భీమవరంలో ఫ్లాటా? అద్దెల కోసం మొదటిసారి కొంటున్నాం

పాలకొల్లు అన్నదమ్ములు:
అందరికీ నమస్కారమండి. మేం ఇద్దరం అన్నదమ్ములం, అమ్మ మాతోనే ఉంటుంది. ముగ్గురివీ కలిపితే 24 లక్షలు ఉన్నాయి. అద్దెలొచ్చే ఇల్లొకటి కొందామనుకుంటున్నాం. భీమవరంలో పదేళ్ళ నాటి డబుల్ బెడ్‌రూం ఫ్లాటు 38 లక్షలు చెప్పారు, అద్దె 11 వేలు వస్తుందట. పాలకొల్లులో 4 సెంట్లలో పాత డాబా, రెండు పోర్షన్లు, 42 లక్షలంటున్నారు, పోర్షనుకి 6,500 అద్దె. తర్వాత పైన ఇంకో రెండు పోర్షన్లు వేద్దామని ఆలోచన. తక్కువ పడింది బ్యాంకు లోను. ఏది మేలు? ఏమేం చూసుకోవాలి? ఎవరి పేరున రాయించుకోవాలి?

గునుపూడి లెక్కలు:
ముందు ఫ్లాటు సంగతి చూద్దామండి. స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి 7.5 శాతం. 38 లక్షలకి అది 2.85 లక్షలు. ఇది మీ చేతి నుంచే పెట్టుకోవాలి, బ్యాంకు ఇంటి విలువలో కలపదు. మొత్తం 40.85 లక్షలు. 17 లక్షలు లోను తీసుకుంటే మీ దగ్గర మిగిలేది 15 వేలు. ఒక్క మోటారు కాలిపోతే చాలు, అప్పు చెయ్యాలి.

8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళ లోనైతే నెల వాయిదా 14,753. ఏడాదికి 1.77 లక్షలు. అద్దె ఏడాదికి 1.32 లక్షలు. అందులో ఒక నెల ఖాళీ ఉంటుందని 11 వేలు, ఇంటి పన్నుకి 4 వేలు, రంగులకీ రిపేర్లకీ 12 వేలు తీసెయ్యండి. చేతికొచ్చేది 1.05 లక్షలు. అంటే నెలకు 6 వేలు మీ జీతాల్లోంచి కట్టాలి. పెట్టిన 40.85 లక్షల మీద రాబడి రెండున్నర శాతం చిల్లర. బ్రోకర్లు 11 వేలని 12తో హెచ్చవేసి అక్కడితో ఆపేస్తారు, తీసివేతలు చెప్పరు.

డాబా అయితే ఖర్చులతో 45.15 లక్షలు. 21.5 లక్షల లోనుకి వాయిదా 18,658, వచ్చే అద్దె 13 వేలు. కింద ఇల్లు ఒక్కటే చూస్తే ఇది ఇంకా లోటు. కానీ 4 సెంట్లంటే 193.6 గజాల నేల మీదవుతుంది. ఫ్లాటులో మీకొచ్చేది నేలలో కాస్త ఉమ్మడి వాటా, పాతబడే కొద్దీ విలువ తగ్గే గోడలు. కాబట్టి పైన రెండు పోర్షన్లు పడతాయా, పడవా అన్నదే మీ అసలు ప్రశ్న. అది తేలకుండా 42 లక్షల మాట ఎత్తకండి. ఏది కొన్నా ఆరు నెలల వాయిదాలు విడిగా దాచుకోవాలి. ఆ డబ్బు మిగలకపోతే 30 లక్షల లోపు దొరికేది వెతకడం మంచిది.

సైటు మేస్త్రి, నరసాపురం:
పైన పడుతుందో లేదో పునాది చెబుతుంది. మన డెల్టా బంకమట్టి వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. పాత డాబాలు ఎక్కువగా పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసినవి. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా వెళ్ళే పగులు ఉందేమో చూడండి. వేలిగోరు దూరితే అది ప్లాస్టరు బీట కాదు, ఆ మూల పునాది కుంగుతోంది. వానల్లో అవే పగుళ్ళు మూసుకుపోతాయి, పైన లప్పం పెట్టి రంగేస్తే కనపడవు. అందుకే ఇల్లు మే నెలలో చూడాలి.

ఒక మూల బయటివైపు మూడడుగుల గొయ్యి తవ్వించి పునాది ఎంత లోతు, ఇటుకా రాయా, కింద కాంక్రీటు బెడ్డు ఉందా అన్నది స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి. యజమాని గొయ్యి వద్దంటే బయానా ఇవ్వకండి. ఆ స్థలం ఒకప్పుడు చేనా, చెరువా అని ఇరుగుపొరుగు పెద్దవాళ్ళని అడగండి. చెరువు పూడ్చి బుసకతో (సన్న ఇసుకతో) మెరక చేసిన చోట పైల్స్ (భూమి లోతుకి దింపే కాంక్రీటు స్తంభాలు) లేకుండా మేడ కట్టకూడదు.

తర్వాత స్లాబు. సుత్తితో కింద నుంచి మెల్లగా కొట్టుకుంటూ పోండి. డొల్ల మోత వచ్చిన చోట లోపల ఇనుము తుప్పుపట్టింది. తుప్పు ఉబ్బి కాంక్రీటుని తోస్తుంది, పెచ్చులూడేది అందుకే. ఈ వైపు బోర్లలో చాలా చోట్ల ఉప్పు నీళ్ళే. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఇనుమున్న కాంక్రీటు కలిపే నీళ్ళలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఉప్పు బోరు నీళ్ళతో కలిపి, అవే నీళ్ళతో తడిపిన స్లాబుకి రోగం మొదటి రోజే పట్టినట్టు. బాత్రూంల కింద, బాల్కనీ అంచుల్లో ముందు చూడండి.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ అడగరు, అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసేది మాత్రం దానివల్లే. ఆగస్టులో భూమిలో నీళ్ళు పైకొచ్చాక సోక్‌పిట్ (ట్యాంకు నీళ్ళు ఇంకే గుంత) పీల్చదు. ట్యాంకు నిండి కింది పోర్షన్ కమోడ్‌లోకి ఎదురుతంతుంది. సెప్టిక్ ట్యాంకు బయటికిచ్చే గొట్టం వీధి డ్రెయిను వానాకాలపు నీటిమట్టం కంటే పైన ఉందో లేదో చూడండి. రోడ్డు వేసిన ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, పాత ఇళ్ళు పల్లంలో పడిపోతాయి. నీళ్ళు నింపిన లెవల్ గొట్టంతో రోడ్డు నుంచి ఇంటి గచ్చు వరకు కొలవండి. గచ్చు రోడ్డు కంటే కిందుంటే ధర తగ్గించినా నేనైతే వద్దంటాను.

దస్తావేజు లేఖరి:
కాగితాలకి వస్తే, 30 ఏళ్ళ ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), లింకు దస్తావేజులు (పాత యజమానుల కాగితాలు) అన్నీ, 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల పట్టికలో) ఆ సర్వే నంబరు లేదని నిర్ధారణ, ఇంటి పన్ను రసీదు, ప్లాను మంజూరు. దేవాదాయ భూములు, అసైన్డ్ భూములు (ప్రభుత్వం పేదలకిచ్చినవి) మన జిల్లాల్లో ఊళ్ళ మధ్యలో కూడా ఉంటాయి, కాబట్టి 22ఏ వదలకండి. ఇల్లు సరిహద్దు దాకా కట్టేసి ఉంటే పై అంతస్తుకి ప్లాను రావడం కష్టం, అది కూడా ముందే మున్సిపాలిటీలో అడగండి.

అమ్మేది పిత్రార్జితమైతే కొడుకులతో పాటు కూతుళ్ళ సంతకాలూ కావాలి. మన రాష్ట్రంలో ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు 1985 సెప్టెంబరు 5 నుంచే ఉంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. "చెల్లెలు ఏమీ అనదండి" అంటే నమ్మి కొనకండి. ఆవిడని సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి రమ్మనండి.

మీ పేర్ల విషయం. ఎవరు ఎంత పెట్టారో ఆ నిష్పత్తిలో వాటాలు దస్తావేజులోనే రాయించండి, అన్న 45 శాతం, తమ్ముడు 35, అమ్మ 20 అన్నట్టు. అద్దె ఆదాయం ఆ వాటాల చొప్పున ఎవరి రిటర్నులో వాళ్ళు చూపిస్తారు. మున్సిపల్ పన్ను పోగా మిగిలిన దానిలో 30 శాతం మినహాయింపు, లోను వడ్డీ కూడా తగ్గుతాయి. కొత్త పన్ను విధానంలో మాత్రం అద్దె కంటే వడ్డీ ఎక్కువై వచ్చే ఇంటి నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోనివ్వరు. భర్త డబ్బుతో భార్య పేరున కొంటే ఆ అద్దె మళ్ళీ భర్త లెక్కలోకే వస్తుంది. బయానా 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదుగా ఇవ్వకూడదు, తీసుకోకూడదు.

ఒకరు తమ వాటా అమ్ముకోవాలంటే ముందు మిగతావాళ్ళకే ఇవ్వాలని, ధర ఎలా కట్టాలో విడిగా ఒప్పందం రాసుకోండి. ఇప్పుడు ప్రేమగా ఉన్నప్పుడే అది సులువు.

పాలకొల్లు అన్నదమ్ములు:
చాలా ఉపయోగం అండి. డాబాకి ఒకటే కరెంటు మీటరు ఉంది, సబ్ మీటర్లతో నడుపుతున్నారు. ఫరవాలేదా?

గునుపూడి లెక్కలు:
మార్చాలండి. 2022-23లో వచ్చిన కరెంటు శ్లాబుల ప్రకారం యూనిట్టుకి, మొదటి 30 వరకు 1.90, 75 వరకు 3, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75 రూపాయలు. రెండు పోర్షన్లు తలా 120 వాడితే విడి మీటర్లకి ఒక్కొక్కరికి 394.50 చొప్పున 789. ఒకే మీటరు మీద 240 యూనిట్లయితే 1,148.25. ఫిక్స్‌డ్ చార్జీలు వేరు. ఆ తేడా ఎవరిదని ప్రతి నెలా తగువే. పోర్షనుకో మీటరు పెట్టించండి, మోటారుకీ మెట్ల లైటుకీ ఇంకోటి.

సైటు మేస్త్రి, నరసాపురం:
నీళ్ళ మాట కూడా. ఎండాకాలం కాలవకి నీళ్ళు ఆపేశాక మున్సిపాలిటీ నీళ్ళు తగ్గుతాయి. మనిషికి రోజుకి 135 లీటర్లు లెక్క, ఎనిమిది మందికి 1,080. మూడు రోజులకి సరిపడా కనీసం 3,500 లీటర్ల సంపు ఉండాలి. పైన రెండు పోర్షన్లు వేస్తే దానికి రెట్టింపు, స్థలం ఇప్పుడే వదలండి. బోరు నీళ్ళని ఆ సంపులో కలపొద్దు, విడి గొట్టం పెట్టి కడుగుళ్ళకి వాడుకోండి.