విశాఖ సముద్రతీరానికి పాపను వీల్‌చైర్‌లో తీసుకువెళ్ళాలి: ఏవి అందుబాటులో ఉన్నాయి?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక తల్లి)

అందరికీ నమస్కారం. మా పాపకు తొమ్మిదేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ కారణంగా తనంతట తాను నిలబడలేదు గాని, మెడ నిలుస్తుంది, కుడిచెయ్యి బాగా వాడుతుంది, మాటలు తక్కువైనా మనం చెప్పేదంతా అర్థం చేసుకుంటుంది. ఇంతవరకు సముద్రం చూడలేదు. ఫిబ్రవరిలో తననూ, ఐదేళ్ళ తమ్ముణ్ణీ, మోకాళ్ళ నొప్పులున్న మా అత్తగారినీ తీసుకుని విశాఖపట్నం వెళ్దామని అనుకుంటున్నాము. ఎవరిని అడిగినా కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, బొర్రా గుహలు అంటూ ఒక పట్టిక అప్పజెబుతున్నారే తప్ప, వాటిలో దేనికి మెట్లు ఉన్నాయో దేనికి లేవో చెప్పేవారు కనబడలేదు. మా వీల్‌చైర్ మామూలు మడత కుర్చీ, వెనుక పెద్ద చక్రాలు, ముందు చిన్న చక్రాలు ఉంటాయి. అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఆడుకోగలిగిన స్థలం తీరంలో ఉందా? పాప పాదాలకు అల తగిలేలా నీళ్ళదాకా తీసుకువెళ్ళడం సాధ్యమేనా? ఈ రెండూ నా ముఖ్యమైన సందేహాలు.

సమాధానం (విశాఖ వాసి)

అమ్మా, మీ మొదటి సందేహానికి సమాధానం ఉంది. స్మార్ట్ సిటీ పథకం కింద జీవీఎంసీ (మా నగరపాలక సంస్థ) బీచ్ రోడ్డులో ఆల్ ఎబిలిటీస్ పార్కు పేరుతో ఒక ఆటస్థలాన్ని నిర్మించింది. ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలూ మిగతా పిల్లలూ ఒకేచోట ఆడుకోవాలన్నదే దాని ఉద్దేశం కాబట్టి, మీ పిల్లలిద్దరినీ అక్కడికే ముందు తీసుకువెళ్ళమని నా సలహా. అయితే సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. ఏ తీరప్రాంతపు పార్కులోనైనా ఉయ్యాల గొలుసులు, తిరిగే పరికరాల బేరింగులు ముందుగా పాడవుతాయి. అందువల్ల పాపను కూర్చోబెట్టే ముందు ఖాళీ ఉయ్యాలను మీరే రెండుసార్లు బలంగా ఊపి చూడండి, బెల్టు కొక్కెం గట్టిగా పడుతోందో లేదో పరీక్షించండి. నేలపై పరిచిన రబ్బరు ఎండకు బాగా వేడెక్కుతుంది కనుక సాయంత్రం నాలుగున్నర తరువాత వెళ్ళడం మంచిది.

నా దృష్టిలో వీల్‌చైర్‌లో ఉన్న పిల్లలకు విశాఖలో అన్నింటికన్నా గొప్ప ఆకర్షణ బీచ్ రోడ్డే. టిక్కెట్టు లేదు, మెట్లు ఎక్కనవసరం లేదు, సముద్రం ఎప్పుడూ కళ్ళ ముందే ఉంటుంది. తెల్లవారుజామున నడకకు వచ్చేవారి కోసం ఆర్కే (రామకృష్ణ) బీచ్ వైపు రోడ్డుపై కొంతసేపు వాహనాలను ఆపుతారు. ఆ సమయంలో ఎగుడుదిగుడు పేవ్‌మెంట్‌తో, ఎత్తైన అంచులతో పని లేకుండా నున్నటి తారు రోడ్డు మధ్యలోనే కుర్చీని నడిపించవచ్చు. మన తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచే ఉదయిస్తాడు. ఫిబ్రవరిలో ఆరున్నరకు కాస్త అటూఇటూగా ఉంటుంది. ఆరు గంటలకల్లా అక్కడ ఉంటే, రద్దీ లేని రోడ్డు మీద పాప సూర్యోదయాన్ని చూస్తుంది. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం, జలాంతర్గామి, దానికి ఎదురుగా మ్యూజియంగా ఉంచిన టీయూ-142 అనే పాత నౌకాదళ విమానం, ఇవన్నీ ఆ దారిలోనే వస్తాయి.

సాయంత్రం మాత్రం అదే రోడ్డు వేరేగా ఉంటుంది. మురీ మిక్చర్ బళ్ళు, మొక్కజొన్న పొత్తుల బళ్ళు, బొమ్మలవాళ్ళు, అడ్డదిడ్డంగా నిలిపిన ద్విచక్రవాహనాలు కలిసి పేవ్‌మెంట్ మీద కుర్చీ పట్టేంత దారి మిగలనివ్వవు. ఆదివారం సాయంత్రం అయితే అసలు వద్దంటాను. సంక్రాంతి సెలవుల్లో కాకుండా ఫిబ్రవరి ఎంచుకోవడం మీకు కలిసివచ్చింది.

సమాధానం (పిల్లల ఫిజియోథెరపిస్టు, కాకినాడ)

నీళ్ళదాకా వెళ్ళడం గురించి నేను చెబుతాను. మామూలు వీల్‌చైర్‌ను పొడి ఇసుకలో ముందుకు తోస్తే ముందరి చిన్న చక్రాలు అక్కడికక్కడే దిగబడి, కుర్చీ ముందుకు ఒరిగి, పిల్ల జారిపడే ప్రమాదం ఉంది. కుర్చీని వెనక్కు తిప్పి, కొద్దిగా వాల్చి, ముందు చక్రాలు గాలిలో ఉండేలా వెనుక పెద్ద చక్రాల మీదనే లాగాలి; ఒకరు చేతిపిడులు పట్టుకుని లాగుతుంటే, రెండవవారు ఫుట్‌రెస్టు దగ్గర చట్రాన్ని ఎత్తి పట్టుకోవాలి. ఇరవై అడుగులు ఇలా లాగేసరికే పెద్దవాళ్ళకు ఆయాసం వస్తుంది, కాబట్టి మీ అత్తగారిని ఈ పనిలో లెక్కవేయకండి. లావుపాటి గాలి చక్రాలు ఉండే బీచ్ వీల్‌చైర్ దొరికితే ఈ శ్రమ ఉండదు, ఎందుకంటే అది బరువును వెడల్పుగా పంచి ఇసుక మీద తేలినట్టు సాగుతుంది.

తడి ఇసుక మాత్రం గట్టిగా ఉంటుంది. ఆటు సమయంలో నీరు వెనక్కు తగ్గినప్పుడు ఆ గట్టి పట్టీ వెడల్పుగా బయటపడుతుంది, కనుక ఆ రోజు ఆటుపోట్ల వేళలు ముందే చూసుకుని, నీరు బాగా తగ్గే గంటకు ముందు చేరుకోండి. అయినా కుర్చీని అల వచ్చే చోట నిలపవద్దు. వెనక్కు మళ్ళే నీరు చక్రాల కిందినుంచి ఇసుకను లాక్కుపోతుంది, బ్రేకు వేసి ఉన్నా కుర్చీ ఒక పక్కకు ఒరుగుతుంది. అల అందని చోటనే కుర్చీ ఆపి, పాపను దించి, మీ ఒడిలో కూర్చోబెట్టుకుని తడి ఇసుక మీద మీరు కూర్చోండి. పాదాలకు నురగ తగిలితే చాలు. మరొక ముఖ్య విషయం: నీటికి దగ్గరగా ఉన్నంతసేపు కుర్చీ బెల్టు విప్పి ఉంచి, పాపను చేత్తో పట్టుకోండి. బెల్టుతో బిగించి ఉన్న పిల్లను నీటిలో ఒరిగిన కుర్చీలోంచి తీయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

పాపకు కాళ్ళకు ఆసరాగా తొడిగే పట్టీలు (బ్రేసులు) ఉంటే ఇసుకలోకి వెళ్ళే ముందే తీసి సంచిలో పెట్టండి. పట్టీకీ చర్మానికీ మధ్య చేరిన ఇసుక రెండు గంటల్లో ఒరుసుకుని పుండు చేస్తుంది. చల్లటి నీరు ఒక్కసారిగా తగిలితే కొందరు పిల్లలకు కండరాలు బిగుసుకుంటాయి. ముందు చేత్తో నీళ్ళు తెచ్చి పాదాల మీద పోసి, ఆ తరువాత అల దగ్గరకు తీసుకువెళ్ళండి.

ఖమ్మం తల్లి

ఇద్దరికీ కృతజ్ఞతలు. బెల్టు విషయం నాకు తట్టనే లేదు. ఆర్కే బీచ్‌లోనే నీళ్ళ దగ్గరకు వెళ్ళవచ్చా, లేక ఋషికొండ బీచ్‌కు వెళ్ళాలా? జలాంతర్గామి లోపలికి వెళ్ళాలని మా వాడు ఇప్పటినుంచే గొడవ చేస్తున్నాడు, వాడు వెళ్ళి అక్క బయట ఉండిపోవడం నాకు ఇష్టం లేదు.

సమాధానం (విశాఖ వాసి)

నీళ్ళకోసం ఋషికొండనే ఎంచుకోండి. ఆర్కే బీచ్‌లో ఒడ్డు దాటగానే లోతు పెరుగుతుంది, లోపలి ప్రవాహాలు బలంగా లాగుతాయి, అక్కడ మునిగిపోయినవారి వార్తలు ఏటా చదువుతూనే ఉంటాము. ఋషికొండకు 2020లో బ్లూ ఫ్లాగ్ అనే, మంచి బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. నీటి శుభ్రత, మరుగుదొడ్లు, ప్రాణరక్షకులతో పాటు దివ్యాంగులకు తీరాన్ని అందుబాటులోకి తేవడం కూడా ఆ గుర్తింపు ప్రమాణాల్లో భాగమే. కాబట్టి అక్కడి సిబ్బందిని మొహమాటం లేకుండా, ఇసుకలో తిరిగే కుర్చీ సిద్ధంగా ఉందా, చక్రాలలో గాలి ఉందా అని ఒకరోజు ముందుగానే అడగండి. రోడ్డు నుంచి తీరానికి దిగే దారి వాలుగా ఉంటుంది. దిగేటప్పుడు కుర్చీని వెనక్కు తిప్పి, మీరు కింద వైపు ఉండేలా నెమ్మదిగా దించండి.

సమాధానం (శ్రీకాకుళం నుంచి ఒక సభ్యుడు)

జలాంతర్గామి విషయంలో అంత భయపడనక్కరలేదని నా అభిప్రాయం. మా బాబాయిగారిని మేము నలుగురం ఎత్తుకుని కొండ మీది గుడికి తీసుకువెళ్ళాము. పాప తొమ్మిదేళ్ళదే కదా, తండ్రి ఎత్తుకుంటే సరిపోతుంది.

సమాధానం (ఫిజియోథెరపిస్టు)

మన్నించాలి, ఈ సలహాతో నేను ఏకీభవించలేను. గుడి మెట్లు వేరు, జలాంతర్గామి వేరు. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియంగా మారిన సోవియట్ తయారీ నౌక. ఒక గది నుంచి మరొక గదికి వెళ్ళాలంటే గుండ్రటి ఇనుప ద్వారంలోంచి ఒక కాలు ఎత్తి అవతల పెట్టి, తల వంచి, చేతులతో పైకడ్డీ పట్టుకుని దూరాలి. చేతుల్లో పిల్ల ఉంటే ఆ కడ్డీ ఎవరు పట్టుకుంటారు? వెనుకనుంచి జనం తోస్తుంటారు, నడవా ఇరుకు, మధ్యలో వెనక్కు తిరగడానికి వీలుండదు. ఆ సమయంలో పాప కండరాలు బిగుసుకుని వెనక్కు విరుచుకుంటే ఇద్దరి తలలూ ఇనుముకు తగులుతాయి. పైగా తొమ్మిదేళ్ళ పిల్లను నలుగురి ముందు మూటలాగా ఎత్తుకుని తిప్పడం ఆమెకు ఇష్టమో కాదో ఆమెనే అడగాలి. అన్నీ అర్థం చేసుకుంటుందని తల్లే రాశారు.

సమాధానం (విశాఖ వాసి)

దీనికి ఒక ఉపాయం ఉంది. తండ్రి బాబును తీసుకుని లోపలికి వెళ్ళి, ఒక్కొక్క గదిలో ఆగి నెమ్మదిగా వీడియో తీయాలి, బాబు చేత అక్కకు చెబుతున్నట్టు మాట్లాడించాలి. ఇనుప గోడల మధ్య ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోలేము కనుక వీడియో కాల్ కన్నా ఇదే మేలు. ఈలోగా మీరూ పాపా బయట 91 మీటర్ల ఆ నౌకను ఒక చివరనుంచి మరొక చివరదాకా చూడవచ్చు. నిజానికి లోపలికి వెళ్ళినవారికి దాని ఆకారం తెలియదు, బయట ఉన్నవారికే తెలుస్తుంది. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం లోపలికి వెళ్ళడానికి మెట్లు ఎక్కాలి గాని, విమానాన్ని కిందినుంచి చూడటమే పిల్లలకు ఎక్కువ సరదా. దాని రెక్కలు, ఎదురెదురు దిశల్లో తిరిగే జంట ప్రొపెల్లర్లు తల ఎత్తి చూడవలసినంత పెద్దవి.

కైలాసగిరికి రోప్‌వే వద్దు, వాహనంలో ఘాట్ రోడ్డు మీదుగా పైకి వెళ్ళండి. పైన శివపార్వతుల విగ్రహాల వరకు, సముద్రం కనబడే వంపుల వరకు కుర్చీని తోసుకుంటూ తిరగవచ్చు గాని, కొన్నిచోట్ల ఏటవాలు ఎక్కువ. కుర్చీకి ప్రభుత్వ ప్రమాణం ప్రకారం ర్యాంపు ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలి. అంతకన్నా నిటారుగా కనిపిస్తే రెండవ మనిషి లేకుండా దిగవద్దు. బొర్రా గుహలను ఈసారికి వదిలేయండి, లోపలంతా మెట్లూ తడి రాళ్ళే.

సమాధానం (చెన్నైలో స్థిరపడిన తెలుగు తల్లి)

మా బాబు కూడా వీల్‌చైరే వాడతాడు. మీకు వీలైతే మరోసారి చెన్నై రండి. మెరీనాలో రోడ్డు వైపు నుంచి అలల దగ్గరి వరకు 263 మీటర్ల పొడవైన చెక్క దారిని 2022 నవంబరులో ప్రారంభించారు. పక్షం రోజులు తిరగకుండానే మాండూస్ తుపాను దాని చివరి భాగాన్ని దెబ్బతీసింది, తరువాత బాగుచేశారు. ఇసుకలో లాగే పని లేకుండా కుర్చీలోనే కూర్చుని అల చప్పుడు దగ్గరగా వినడం పిల్లలకు వేరే అనుభవం. ఋషికొండలోనూ ఆర్కే బీచ్‌లోనూ ఇలాంటిది ఎందుకు ఉండకూడదని విశాఖ వాసులు జీవీఎంసీకి రాతపూర్వకంగా అడగాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వినోద స్థలాలను కూడా కలుపుకునే మాట్లాడుతుంది.

హోటల్ గురించి ఒక్క మాట. లిఫ్ట్ ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు. లిఫ్ట్ దాకా చేరడానికి వాకిట్లో ఎన్ని మెట్లున్నాయో, స్నానాలగది తలుపు ఎన్ని అంగుళాలో అడగండి. మీ కుర్చీ వెడల్పు ముందే టేపుతో కొలిచి పెట్టుకుని, ఆ తలుపుకు టేపు పట్టి ఫొటో తీసి పంపమని కోరండి. నేను అలా అడిగినప్పుడు ఒకరు విసుక్కున్నారు, ఇంకొకరు వెంటనే పంపారు; మేము రెండవ చోటే దిగాము.

ఖమ్మం తల్లి

పాపను అడిగాను. జలాంతర్గామి బయటనుంచే చూస్తానని సైగ చేసింది, ఉయ్యాల మాత్రం కావాలంది. మొదటి సాయంత్రం ఆటస్థలం, రెండవ రోజు తెల్లవారుజామున బీచ్ రోడ్డు, ఆ తరువాత ఋషికొండ అని అనుకున్నాము. జంతుప్రదర్శనశాల కూడా చేర్చవచ్చా?

సమాధానం (విశాఖ వాసి)

చేర్చవచ్చు, కాని మూడవ రోజుకు పెట్టుకోండి. ఇందిరా గాంధీ జంతుప్రదర్శనశాల కంబాలకొండ అడవి పక్కన 625 ఎకరాల్లో విస్తరించి ఉంది, దారులు తారు వేసినవే గాని ఎత్తుపల్లాలు ఎక్కువ, మీ అత్తగారికీ కుర్చీ తోసేవారికీ బ్యాటరీ వాహనమే శరణ్యం. కుర్చీని మడిచి వాహనంలో పెట్టనిస్తారో లేదో టిక్కెట్టు కొనేముందే కౌంటరులో అడగండి. జూకూ జలాంతర్గామికీ సోమవారం సెలవు, కాబట్టి మంగళవారం ఉదయానికి విశాఖ చేరేలా రైలు చూసుకోండి. సముద్రం నుంచి తిరిగి వచ్చిన రాత్రే కుర్చీ చక్రాలను మంచినీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, ఇరుసుల దగ్గర రెండు చుక్కల నూనె వేయండి. ఉప్పునీరు ఒక్క రాత్రి ఉన్నా ముందు చక్రాలు మరునాటికి బిగుసుకుపోయి తిరగనని మొండికేస్తాయి.