అప్‌డేట్: పంప్ పవర్ పెంచితే బీమ్ చెడిపోతున్న నియోడిమియం యాగ్ లేజర్ (సమస్య తీరింది)

808 నానోమీటర్ల డయోడ్‌తో క్రిస్టల్ చివరి నుంచి పంప్ చేస్తున్న (అంటే ఆ కాంతితో శక్తినిస్తున్న) మా లేజర్‌లో, పంప్ 30 వాట్లు దాటగానే బయటికొచ్చే 1064 నానోమీటర్ల బీమ్ ఎందుకు చెడిపోతోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

థర్మల్ లెన్స్ (వేడికి క్రిస్టలే లెన్స్‌లా పనిచేయడం) అని చెప్పినవాళ్ల మాటే నిజమైంది. హైదరాబాద్‌లోనే ఉండే, లేజర్లు డిజైన్ చేసి రిటైరైన ఒక సార్ వచ్చి చూశారు. క్రిస్టల్ గుండా హీలియం నియాన్ బీమ్ పంపి ఫోకల్ లెంగ్త్ కొలిపించారు. పంప్ పెరిగే కొద్దీ అది తగ్గిపోతూ, క్యావిటీ (అద్దాల మధ్య కాంతి అటూ ఇటూ తిరిగే చోటు) స్థిరంగా ఉండే పరిధి అంచుకి వచ్చేస్తోంది. అద్దాల దూరాలు మార్చి, మాకు కావాల్సిన పవర్ దగ్గర ఆ పరిధి మధ్యలో ఉండేలా చేశాం. అక్కడ లెన్స్ కాస్త అటూ ఇటూ అయినా మోడ్ సైజు (క్యావిటీలో బీమ్ వెడల్పు) పెద్దగా మారదు. పంప్ స్పాట్‌నీ మోడ్‌కి సరిపెట్టాం. ఎమ్ స్క్వేర్డ్ (బీమ్ నాణ్యత కొలత, 1 అయితే ఉత్తమం) 3 పైన ఉండేది, ఇప్పుడు 1.3. మోడ్ మరీ పెద్దది చేయకండి, స్థిర పరిధి ఇరుకైపోతుంది.

808 బదులు 885 నానోమీటర్ల పంప్ వాడమన్న సలహా మంచిదే. వేడిగా పోయే వాటా సుమారు 24 శాతం నుంచి 17కి తగ్గుతుంది. కానీ అక్కడ శోషణ తక్కువ, పొడవాటి క్రిస్టల్ కావాలి, మా దగ్గర అంత బడ్జెట్ లేదు.

చిల్లర్ (చల్లబరిచే నీటి యంత్రం) సెట్టింగ్, అద్దాల కోటింగ్, ఇండియం ఫాయిల్ (క్రిస్టల్ వేడి బయటికి పోయేలా చుట్టే మెత్తటి లోహపు రేకు): వేటిని మార్చినా తేడా రాలేదు. మే ఎండల వల్లేమో అనుకున్నాం, కానీ వాటికీ దీనికీ సంబంధమే లేదు, ఏసీ వాళ్లని ఊరికే పిలిపించాం.