అమ్మకీ నాకూ మళ్లీ మళ్లీ యూరిన్ ఇన్ఫెక్షన్, అక్కకి మాత్రం ఏమీ లేదు. జీన్సేనా?

ఖమ్మం పిల్ల:
కాలేజీ రోజుల నుంచీ నాకు ఇదే గోల, మంట, చుక్కలు చుక్కలుగా రావడం, ఒక్కోసారి చలిజ్వరం కూడా. అమ్మకీ వయసులో ఉన్నప్పటి నుంచీ ఉంది. అక్కకి వేరే పని మీద మూత్రం కల్చర్ (బ్యాక్టీరియా పరీక్ష) చేస్తే ఈ-కోలై బ్యాక్టీరియా మిల్లీలీటరుకి లక్ష పైన అని వచ్చింది, అయినా మంటా లేదు, జ్వరమూ లేదు, హాయిగా తిరుగుతోంది! ఒకే ఇంట్లో పెరిగాం. అమ్మేమో నేను నీళ్లు తాగనని, శుభ్రంగా ఉండనని నన్నే తిడుతుంది. ఇది జీన్స్ వల్లేనా, టెస్ట్ ఏమైనా ఉందా? అక్కకి యాంటీబయాటిక్ రాశారు, వాడాలా?

సూక్ష్మజీవి:
ముందు ఆ శుభ్రత నింద పక్కన పెట్టండి. ఆడవాళ్లకి మూత్రం బయటకొచ్చే దారి 4 సెంటీమీటర్లే, పేగుల్లో ఉండే ఈ-కోలైకి అదో దూరమే కాదు. లోపలికి చేరాక ఒంట్లో ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి. స్వీడన్‌లోని లుండ్ యూనివర్సిటీలో కాథరీనా స్వాన్‌బోర్గ్ బృందం ఏళ్ల తరబడి దీని మీదే పనిచేసింది. మూత్రాశయం గోడ కణాల్లో టీఎల్ఆర్4 అనే ప్రోటీన్ (దాన్ని తయారుచేసేది అదే పేరున్న జీన్) బ్యాక్టీరియాని పసిగడుతుంది, వెంటనే ఆ కణాలు ఇంటర్‌ల్యూకిన్-8 అనే కబురు రసాయనం వదులుతాయి, దాని జాడ పట్టుకుని న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు దిగుతాయి. మనకి తెలిసే మంట, జ్వరం చాలావరకు ఈ యుద్ధం వల్లే. టీఎల్ఆర్4 పనిచేయని ఎలుకల్లో బ్యాక్టీరియా తిష్ట వేస్తుంది గానీ ఆ యుద్ధం జరగదు. లక్షణాలు లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా మోసే పిల్లల్లో కూడా టీఎల్ఆర్4 తక్కువగా కనిపించింది. మీ అక్క ఆ బాపతేమో.

రెండో ప్రోటీన్ సీఎక్స్‌సీఆర్1, న్యూట్రోఫిల్స్ మీద ఉండి ఇంటర్‌ల్యూకిన్-8 కబురు అందుకునేది. ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకే పిల్లల్లో ఇది తక్కువని చూశారు. ఎలుకల్లో దీనికి సాటి జీన్ తీసేస్తే న్యూట్రోఫిల్స్ వస్తాయి, కానీ మూత్రంలోకి దాటలేక కణజాలంలోనే ఇరుక్కుపోయి కిడ్నీలో మచ్చలు మిగులుస్తాయి. అంటే ఒక జీన్ లోపం మనిషిని కాపాడినట్టుంది, ఇంకోటి ముంచింది. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే.

ఓపీ నర్సు:
అక్కగారు గర్భవతి కాకపోతే, యూరాలజీ ప్రొసీజర్ ఏదీ పెట్టుకోకపోతే, లక్షణాలు లేని బ్యాక్టీరియాకి మామూలుగా మందు ఇవ్వరు. పైగా మందు వేస్తే ఆ సాధు బ్యాక్టీరియా పోయి మొండిది వచ్చి కూర్చోవచ్చు. స్వీడన్‌లో ఒక పాపలో మూడేళ్లు ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉన్న ఈ-కోలై 83972 రకాన్ని, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్ల మూత్రాశయంలోకి కావాలనే ఎక్కించి చూశారు, వాళ్లకి ఇన్ఫెక్షన్లు తగ్గాయి కూడా. ఇంట్లో ప్రయత్నించేది కాదులెండి.

టెస్ట్ సంగతా? ఈ జీన్లకి డాక్టర్లు రోజూ రాసే టెస్ట్ లేదు, ఉన్నా మందు మారదు. డబ్బు దండగ.

గోదారి గట్టు:
జీన్స్ అని చేతులెత్తేయకండి. తల్లికి ఉండటం, మొదటిసారి 15 ఏళ్లలోపే రావడం, ఈ రెండూ రిస్కేనని అమెరికాలో యువతుల మీద చేసిన అధ్యయనంలో తేలింది, కాబట్టి మీ అనుమానం ఉత్తది కాదు. కానీ షుగర్, రాళ్లు, మూత్రం పూర్తిగా ఖాళీ కాకపోవడం ఇవి చూపించుకున్నారా? ఆరు నెలల్లో రెండుసార్లు లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాల్సిందే. అమ్మగారికి నెలసరి ఆగిపోయి ఉంటే లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ గురించి అడగండి, చాలామందికి పనిచేస్తుంది, మనవాళ్లు సిగ్గుపడి అడగరు. నీళ్ల విషయంలో మాత్రం అమ్మదే రైటు: ఒక అధ్యయనంలో, తక్కువ తాగే ఆడవాళ్లు రోజుకి లీటరున్నర అదనంగా తాగితే ఇన్ఫెక్షన్లు దాదాపు సగమయ్యాయి.

ఖమ్మం పిల్ల:
థాంక్స్ అండి. అక్క ఇంకా మాత్రలు మొదలుపెట్టలేదు, వాడొద్దని చెప్పనా?

ఓపీ నర్సు:
మీరు చెప్పొద్దు. రాసిన డాక్టర్‌నే "లక్షణాలు లేవు కదా, అవసరమా?" అని సూటిగా అడగమనండి. మీకు మాత్రం మళ్లీ చలిజ్వరం, నడుము పక్కన నొప్పి వస్తే కల్చర్ ఇచ్చి అదే రోజు చూపించుకోండి.