ఫ్లోరైడ్ వదిలే సిమెంట్ పెడితే పన్ను మళ్లీ పుచ్చదా?

కొవ్వూరు అమ్మ:
మా పాపకు ఏడేళ్లు. కింది దవడలో చివరి పాల పన్నుకు నిరుడు పంటి రంగు ఫిల్లింగ్ పెట్టించాం. అదే, లైటు పెట్టి గట్టిచేసే కాంపోజిట్. ఇప్పుడు ఆ ఫిల్లింగ్ అంచునే మళ్లీ పుచ్చింది. ఒక డాక్టర్ గారేమో "ఈసారి గ్లాస్ అయోనమర్ సిమెంట్ పెడదాం, అది ఫ్లోరైడ్ వదులుతూనే ఉంటుంది, చుట్టూ పుచ్చు పట్టదు" అన్నారు. ఇంకొకరు "అది అరిగిపోతుంది, మళ్లీ కాంపోజిటే వేయించండి" అంటున్నారు. ఫ్లోరైడ్ వదిలే ఫిల్లింగ్ నిజంగా పుచ్చును ఆపుతుందా? ఆపుతుందంటే ఎవరి నోట్లో చూసి తేల్చారు? తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి పళ్ల డాక్టర్:
అమ్మా, నేను సిమెంట్ వైపే మాట్లాడతాను. వెనకటికి ముందుపళ్లకు సిలికేట్ సిమెంట్ పెట్టేవారు. అది నోట్లో కరిగేది, అంచులు విడిచేది. అయినా దాని చుట్టూ కొత్త పుచ్చు అరుదుగానే కనిపించేది. గాజుపొడిలోని ఫ్లోరైడే అందుకు కారణమని తర్వాత గుర్తించారు. అలాంటి గాజుపొడికే పాలీయాక్రిలిక్ ఆమ్లాన్ని జోడించి, లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో విల్సన్, కెంట్ అనే ఇద్దరు గ్లాస్ అయోనమర్ తయారుచేశారు. 1972లో దాన్ని ప్రకటించారు. ఇది పంటిలోని కాల్షియంతో నేరుగా కలిసి పట్టుకుంటుంది, మధ్యలో వేరే జిగురు అక్కర్లేదు.

కాంపోజిట్ అలా కాదు. లైటు పడి గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుంటుంది. పైగా రెండు పళ్ల మధ్య, చిగురు దగ్గరి అంచుకు ఉమ్మి తగలకుండా చూడాలి. ఏడేళ్ల పిల్ల నోట్లో అదెంత కష్టమో చేసేవాళ్లకు తెలుసు. ఫిల్లింగ్ పక్కన పుచ్చు ఎక్కువగా మొదలయ్యేది ఆ చిగురువైపు అంచులోనే. లిస్బన్‌లో పిల్లలపై జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2007లో వచ్చాయి. అమాల్గం అనే వెండి ఫిల్లింగ్‌తో పోలిస్తే కాంపోజిట్ పక్కన మళ్లీ పుచ్చే ముప్పు 3.5 రెట్లు ఉందని అందులో తేలింది.

మెటీరియల్స్ పీజీ:
సార్, లిస్బన్ లెక్క కాంపోజిట్ లోపం చూపిస్తుంది కానీ ఫ్లోరైడ్ గొప్పతనం చూపించదు. అక్కడ నెగ్గిన అమాల్గంలో ఫ్లోరైడే లేదు కదా.

గ్లాస్ అయోనమర్ ఫ్లోరైడ్ వదులుతుందన్నది నిజమే. మొదటి ఒకటి రెండు రోజులు బాగా వదులుతుంది, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. ఆపైన నెలల తరబడి వచ్చేది చాలా కొద్ది. ల్యాబ్‌లో పీకిన పన్ను తీసుకుని, ఈ సిమెంట్ పెట్టి, ఆమ్లంలో ఉంచి చూస్తే పక్కన పుచ్చు తక్కువగానే వస్తుంది. అలాంటి అధ్యయనాలు బోలెడు. కానీ మనుషుల నోళ్లలో ఏళ్ల తరబడి చూసినప్పుడు ఫలితాలు ఒక్కతీరుగా లేవు.

అమెరికాలో బోస్టన్‌లోనూ, మెయిన్ రాష్ట్రంలోని పల్లెల్లోనూ 6 నుంచి 10 ఏళ్ల పిల్లలు 534 మందిపై ఒక ట్రయల్ జరిగింది. ఒక వర్గానికి అమాల్గం పెట్టారు. రెండో వర్గానికి పాల పళ్లలో కాంపోమర్ పెట్టారు. అది కాంపోజిట్‌కూ గ్లాస్ అయోనమర్‌కూ నడిమి రకం, అదీ ఫ్లోరైడ్ వదిలేదే. దాని వల్ల తర్వాత పుచ్చు తగ్గిందా అని ప్రత్యేకంగా లెక్క చూసి 2009లో ప్రకటించారు. తగ్గలేదు.

ఫ్లోరైడ్ అయిపోతే పేస్టు నుంచి మళ్లీ నింపుకుంటుందని కంపెనీలు చెప్తాయి. అదీ నిజమే. అయితే ఆలోచించండి. రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోమే పిల్లకు ఆ ఫ్లోరైడ్ నేరుగా పంటికే అందుతుంది, ఫిల్లింగ్ ద్వారా రావాల్సిన పని లేదు. అసలు తోమని పిల్ల నోట్లో ఫిల్లింగ్‌కు మళ్లీ నింపుకోడానికి ఏమీ దొరకదు.

మర్రిగూడ బిడ్డ:
నడుమ వస్తున్న, ఏమనుకోకుండ్రి. మాది నల్గొండ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగినోళ్లను, కాళ్లు వంకర పోయిన పిల్లలను చూసుకుంట పెరిగిన. మా అమ్మ పళ్లు గోధుమ రంగు మచ్చలే. ఫ్లోరైడ్ కోసమని మీరు ఇంతగనం మాట్లాడుతుంటే నాకు భయమైతది. అదే ఫ్లోరైడ్‌ను పిల్ల నోట్లె ఏళ్లకేళ్లు పెట్టుడేంది?

బడి డాక్టరమ్మ:
అన్నా, మీ భయం న్యాయమైనదే. దీన్ని తేలిగ్గా కొట్టిపారేసే డాక్టర్లను చూస్తే నాకూ కోపం వస్తుంది. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది తెలుగు నేలమీదే, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. 1937లోనే దాని గురించి రాశారు.

మోతాదు ఎంతో చూడండి. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. అంటే లీటరుకు 1500 మైక్రోగ్రాములు. మీ దిక్కు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది, దాన్నే రోజంతా తాగారు, దాంతోనే వండుకున్నారు. ఫిల్లింగ్ నుంచి మొదటి రోజులు దాటాక వచ్చేది రోజుకు కొద్ది మైక్రోగ్రాములు. ఎముకను వంచే మోతాదు కాదది. ఫ్లోరోసిస్ ఊళ్లో పిల్లలు మింగే పేస్టు గురించి జాగ్రత్త పడాలి, అక్కడ మీతో ఏకీభవిస్తాను. ఫిల్లింగ్ గురించి దిగులు వద్దు.

ఇక అసలు చర్చ. నేను బడుల్లో క్యాంపులు చేస్తాను. కరెంటు ఉండదు, డ్రిల్లు ఉండదు. చేతి పనిముట్లతో మెత్తబడిన పుచ్చును గీకి, సిమెంట్ కలిపి, వేజలైన్ రాసిన వేలితో అదిమి పెడతాం. 1980ల నడిమిలో టాంజానియాలో మొదలైన పద్ధతి ఇది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఫ్లోరైడ్ పేస్టుతో పాటు గ్లాస్ అయోనమర్‌నూ చేర్చింది. నాకు ఫ్లోరైడ్ కంటే ముఖ్యం, ఇది తడి నోటిని కొంత ఓర్చుకోవడం.

ఓర్చుకుంటుంది కదా అని ఎలాగైనా కలపొచ్చని కాదు. కలిపిన ముద్దకు మెరుపు ఉండగానే గుంటలో పెట్టేయాలి. మెరుపు పోయిందంటే పంటిని పట్టుకోవాల్సిన ఆమ్లం అయిపోయినట్టే. అప్పుడు పెడితే ఊడి వస్తుంది. పెట్టిన వెంటనే పైన వేజలైనో వార్నిషో రాయాలి, లేకపోతే ఉమ్మి తగిలి పైపొర పాడవుతుంది. "సిమెంట్ నిలవదు" అనే మాటలో సగం ఈ తొందరపాటు వల్ల వచ్చిందే.

అమీర్‌పేట కోడలు:
మా మామయ్యకు నోటి క్యాన్సర్. రేడియేషన్ అయ్యాక ఉమ్మి ఊరడం ఆగిపోయింది. ఏడాది తిరక్కుండా చిగుళ్ల పక్కన పళ్లన్నీ వరసగా పుచ్చాయి. అక్కడి డాక్టర్లు కాంపోజిట్ వద్దని ఈ సిమెంటే పెట్టారు. చుట్టూ మళ్లీ పుచ్చలేదు గానీ సిమెంటే కరిగి పోతోంది, మళ్లీ మళ్లీ పెట్టించుకుంటున్నాం. ఇలాంటివాళ్ల గురించి ఏమైనా తేలిందా?

తెనాలి పళ్ల డాక్టర్:
తేలిందమ్మా. రేడియేషన్ తర్వాత నోరెండిపోయినవాళ్లలో చూసినప్పుడు, రోజూ ఫ్లోరైడ్ జెల్ రాసుకోని వారికి అమాల్గం పక్కన పుచ్చింది, గ్లాస్ అయోనమర్ పక్కన పుచ్చడం చాలా తక్కువ. మీరు చెప్పినట్టే సిమెంట్ మాత్రం అరిగిపోయింది. పీజీ గారూ, ఇది ల్యాబ్ కాదు, మనుషుల నోరే.

మెటీరియల్స్ పీజీ:
ఒప్పుకుంటాను సార్, ఫ్లోరైడ్ పనిచేసినట్టు గట్టిగా కనిపించేది అక్కడే. అయితే జెల్ సరిగ్గా వాడినవాళ్లలో ఏ ఫిల్లింగ్ పెట్టినా తేడా లేదు. అందుకే అంటున్నా, కోడలు గారూ, మామయ్య గారికి ఏ సిమెంట్ అన్నదానికంటే ముందు ఫ్లోరైడ్ జెల్ రోజూ వాడించడం మీద పట్టుబట్టండి. మీ డాక్టరును అడిగి ఈ వారమే మొదలుపెట్టండి.

తెనాలి పళ్ల డాక్టర్:
మన జనంలో జెల్ రోజూ వాడేవాళ్లు ఎందరు? రాత్రి పడుకోబోయే ముందు తోమే పిల్లలు ఎందరు? మీరు చెప్పే ఆదర్శ రోగి నా కుర్చీలోకి రాడు. వచ్చేవాడికి ఏది మేలో నేను చూడాలి.

కొవ్వూరు అమ్మ, ఒక్కటి చెప్పండి. పుచ్చింది ఆ పన్నుకు ముందువైపా, వెనకవైపా? డెన్మార్క్ ప్రభుత్వ దంతవైద్యంలో పాల పళ్లకు అమాల్గం, గ్లాస్ అయోనమర్ పెట్టి ఏళ్లపాటు చూశారు. సిమెంట్ ముందే పాడైంది, అది నిజం. కానీ దాన్ని ఆనుకుని ఉన్న పక్క పన్నులో పుచ్చు ముదరడం తగ్గింది. మీ పాప వయసుకు ఆ చివరి పాల పన్ను వెనకే, జీవితాంతం ఉండాల్సిన దవడ పన్ను వచ్చేసి ఉంటుంది.

కొవ్వూరు అమ్మ:
వెనకవైపే డాక్టర్ గారూ. దాని వెనక పెద్ద పన్ను వచ్చింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు.

బడి డాక్టరమ్మ:
అయితే చెల్లీ, రెండు పళ్ల మధ్య పుచ్చిన పాల దవడ పన్నుకు ఏ ఫిల్లింగైనా బలహీనమే. స్టీలు క్యాప్ గురించి అడుగు. స్కాట్లాండ్‌లో నోర్నా హాల్ అనే డాక్టర్ వాడుకలోకి తెచ్చిన పద్ధతిలో డ్రిల్లు, మత్తు ఇంజెక్షన్ లేకుండానే క్యాప్ తొడుగుతారు, పుచ్చు లోపలే మూసుకుపోతుంది. అంటించేది గ్లాస్ అయోనమర్‌తోనే. పాల దవడ పళ్లకు ఫిల్లింగ్‌ల కంటే క్యాప్‌లలో నొప్పి, వైఫల్యం తక్కువని చాలా అధ్యయనాలను కలిపి తూచే కోక్రేన్ సమీక్ష కూడా చెప్పింది. ముందు ఎక్స్‌రే తీయించు. పుచ్చు నరం దాకా పోయిందేమో చూడకుండా క్యాప్ వేయకూడదు.

మెటీరియల్స్ పీజీ:
క్యాప్‌కు నా ఓటు కూడా. వెనక పెద్ద పన్నుకు ఫ్లోరైడ్ కావాలంటే దానికే నేరుగా ఫ్లోరైడ్ వార్నిష్ రాయించండి, మూడు నుంచి ఆరు నెలలకోసారి. పేస్టు ట్యూబు మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం అని ఉందో లేదో చూసి కొనండి. బఠానీ గింజంత చాలు.

తెనాలి పళ్ల డాక్టర్:
వార్నిష్‌కు ఆరు నెలలకోసారి తీసుకొస్తామని ఆ ఇంట్లోవాళ్లు నాకు మాటిస్తే క్యాప్ వేస్తాను. రాలేమంటే సిమెంటే పెడతాను, అరిగితే మళ్లీ పెడతాను.

కొవ్వూరు అమ్మ:
తీసుకొస్తాం డాక్టర్ గారూ. మా ఊరి నుంచి రాజమండ్రి వంతెన దాటితే చాలు. రేపు ఎక్స్‌రే తీయించి ఇక్కడే పెడతాను. క్యాప్ వేస్తే పాల పన్ను ఊడే వేళకు అది దానంతటదే ఊడుతుందా, తీయించాలా?

బడి డాక్టరమ్మ:
పన్నుతో పాటే ఊడుతుంది. సుమారు పదకొండేళ్లప్పుడు.